పాటకీ పాటకీ నడుమ

మా అత్త కాంతమ్మకు మాట పడిపోయింది. మొన్న వేసవి చివర్లో వాకిట్లో జీడిపిక్కలు ఎండబెడుతూ, పిక్కల మీదికొచ్చిన కోడిని అదిలించబోయి, ఆ అదిలింపు సగంలో ఉండగానే కూలబడింది. పలాస తీసుకెళ్లాం, అక్కణ్నుంచి విశాఖపట్నం తీసుకెళ్లాం. కాలు కొంత స్వాధీనంలోకొచ్చింది. కుడి చెయ్యి ఇంకా రావాలి. మాట మాత్రం పోయింది పోయినట్టే ఉంది.

మా అత్త నోరు ఎరగనివాళ్లకు ఇదెంత విడ్డూరమో చెప్పలేను. మందస బస్సు ఆపాలంటే ఊళ్లో అందరూ చెయ్యెత్తుతారు. మా అత్త చెయ్యెత్తేది కాదు, కేకేసేది. బస్సు ఆగేది. ఆ నోటితో పాతికేళ్లు కాపురం చేశాను నేను. తక్కువదాన్నని కాదు, మాటకు మాట అప్పజెప్పేదాన్నే. కొత్తలో అలిగి పడుకుంటే గుమ్మం దగ్గరికొచ్చి మొదలెట్టేది. "ఏటే, తిన్నావా? తినకపోతే నాకేటి! నీ కడుపే కాలతాది." అని వెళ్లిపోయేది. కాసేపటికి మళ్లీ వచ్చి, "పులుసు సల్లారిపోతన్నాది, నాకేటి!" అనేది. నాకేటి నాకేటి అంటూనే నేను లేచి కంచం ముందు కూర్చునేదాకా తిరుగుతూనే ఉండేది.

ఇప్పుడు అలగడం ఆవిడ వంతయింది. గంజి తీసుకెళ్తే గోడవైపు తిరుగుతుంది. ఏం కావాలో చెప్పలేదు, చెప్పలేనందుకు కోపం, ఆ కోపానికి తిండి మానడం. ఇల్లు బావురుమంటోంది. తిట్టించుకోవాలని ఎవరికైనా ఉంటుందా? నాకుంది.

పలాస నుంచి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేయించడానికి బిందు అనే అమ్మాయి వస్తుంది. ఒకరోజు కాలు మడిపిస్తూ అంది, "ఆంటీ, అమ్మమ్మగారు పాటలు పాడేవారా? మాట రానివాళ్లకి ఒక్కోసారి పాట వచ్చేస్తుంది. పాటది బ్రెయిన్లో వేరే జాగా అంట. బాగా అలవాటైన పాట వినిపించి చూడండి."

పాడేదా అని అడుగుతుందేమిటి! చుట్టుపక్కల ఏ పెళ్లయినా అప్పగింతల పాట మా అత్తదే. పెళ్లికూతురి చేతులు పాలల్లో ముంచి, అత్తగారి చేతిలో, మామగారి చేతిలో, బావల చేతిలో వరుసగా పెడుతుంటే, ఒక్కొక్కరికి ఒక్కో చరణం పాడేది. ఆ చరణాలు ఎక్కడో నేర్చుకున్నవి కావు. పిల్ల ఎలాంటిదో ముందే ఆరా తీసి ఆ పిల్లకు తగ్గట్టు కట్టేది. "రాసి పెట్టుకోరాదేటత్తా?" అని ఒకసారంటే, "పిల్ల మారితే పాట మారదేటే?" అంది. తర్వాత తర్వాత పెళ్లిళ్లకు సౌండు బాక్సులొచ్చాయి, డీజేలొచ్చాయి, ఆవిణ్ని పిలవడం మానేశారు.

బిందు మాట పట్టుకుని ఫోన్లో భక్తిపాటలు పెట్టాను, మంగళహారతులు పెట్టాను. కళ్లు మూసుకుంది. ఎవరెవరివో పాటలతో ఆవిడకేం పని? ఆవిడ పాటే కావాలి. అదెక్కడుంది? ఒక్కచోట ఉండాలి. నా పెళ్లి వీడియో కేసెట్టులో.

మా పెళ్లి టెక్కలి దగ్గర మా పుట్టింట్లో జరిగింది. మా వైపు పాడాల్సిన మా నాయనమ్మకు ఆ రోజు గొంతు రాలేదు. "వదినా, నువ్వే పాడాల," అని మా అమ్మ మా అత్త చెయ్యి పట్టుకుంది. "నా కోడల్ని నాకే అప్పగించుకోవాలేటి!" అని నవ్వి, పందిరంతా నవ్వుతుండగా పాడేసింది. ఏం పాడిందంటే మాత్రం చెప్పలేను. నేను ఏడుస్తున్నాను, మొహం మీద వీడియో లైటు, పాలు మోచేతుల దాకా కారుతున్నాయి. వినే స్థితిలో ఉన్నానా?

ఒక చిక్కుంది. ఆ రోజుల్లో పెళ్లి కేసెట్టంటే అసలు మాటలేవీ ఉంచేవాళ్లు కాదు, మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు ఎక్కించేవాళ్లు. కేసెట్టు వచ్చినరోజు అద్దె వీసీఆర్ తెచ్చుకుని అందరం చూశాం. తెరమీద మా అత్త నోరు తెరిచి పాడుతుంటే డప్పుల మోతతో ఎవరో హీరోయిన్ గొంతు వచ్చింది. మేమంతా పడి పడి నవ్వాం. మా అత్త నవ్వలేదు. "నోరు నాది, గొంతు ఇంకెవర్తిదో," అంది.

అయితే ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి కదా. పాటలో మ్యూజిక్ తీసేసి గొంతు మిగిల్చేస్తున్నారని ఎక్కడో విన్నాను. బీరువా అడుగున పట్టుచీరలో చుట్టి దాచిన కేసెట్టు తీశాను. తిత్లీ తుపానుకు పైకప్పు లేచిపోయినా దానికేం కాలేదనుకున్నాను. విప్పి చూస్తే చక్రాల మీద తెల్లగా బూజు.

"అదెందుకు గౌరీ ఇప్పుడు? దేంతో సూత్తావు?" అన్నారు మా ఆయన రవికుమార్. జీడిపప్పు వ్యాపారం ఆయనది, గింజ విరిగిందా లేదా అన్నది తప్ప మరొకటి పట్టదు.

"డిస్కు చేయిస్తాను. అత్త గదిలో డీవీడీ ప్లేయరుంది. ఎడమ చేత్తో నొక్కుకోగలదు."

"బాగున్నాది ఆలోచన," అని ఆయన చొక్కా తొడుక్కున్నారు. పోనీలే, వెక్కిరించలేదు.

ఆ వీడియో తీసిన మోహనకృష్ణకు ఇప్పుడు కాశీబుగ్గలో స్టూడియో ఉంది. మా టెక్కలి మనిషే, నన్ను చెల్లెమ్మా అంటాడు. కేసెట్టు చూసి పసిపాపను ఎత్తుకున్నట్టు అందుకున్నాడు.

"వీసీఆర్ ఒకటే మిగిలింది సెల్లెమ్మా. బూజుతో పెడితే దాని హెడ్డు పోద్ది. తుడిసి పెడతాను, కూకో."

మరలు విప్పి, రీలు కొంచెం కొంచెంగా తిప్పుతూ, స్పిరిట్ ముంచిన దూదితో తుడిచాడు. నేను నా సంగతి చెప్పాను. సినిమా పాట తీసేసి మా అత్త గొంతు ఇమ్మన్నాను. అతను దూది పక్కన పెట్టేశాడు.

"అది అవ్వదమ్మా. పాట మీద పాట ఎక్కించలేదు. అసలు సౌండు తీసేసి, ఆ జాగాలో పాట పెట్టినాం. పాలల్లో నీల్లు కలిపితే ఏదో సెయ్యొచ్చు. ఇది పాలు పారబోసి నీల్లు పోసినట్టు."

"అసలు కేసెట్టు ఉంటుంది కదా నీ దగ్గర?"

"మరో పెళ్లికి వాడేసినాం. అప్పుడందరూ అలగే సేసేవోల్లం."

నాకు ఒళ్లు మండింది. "ఎవరు తియ్యమన్నారు అన్నయ్యా? పెళ్లిలో మాటలు, ఏడుపులు, మంత్రాలు అన్నీ తీసి పారేసి ఆ డాన్సు పాటలు ఎవరడిగారు?"

"మీ నాన్నే అడిగినారు," అన్నాడు. "మంచి పాటలెయ్యరా, పక్కింటోల్ల కేసెట్టు కంటే ఎక్కువ పాటలుండాల అన్నారు. మాటలెవరూ అడగలేదు సెల్లెమ్మా. మనుసులు ఎదురుగానే ఉన్నారు కదా, మాటలెందుకు?"

మా నాన్న అలాగే అనుంటాడు. లేచి వచ్చేద్దామనుకున్నాను. పోనీ బొమ్మయినా మిగులుతుందని అతనే కూర్చోబెట్టాడు.

కేసెట్టు ఎంతసేపు ఆడితే కంప్యూటర్లోకి ఎక్కడానికి అంతసేపూ పడుతుందట, తొందర కుదరదట. స్టూడియోకొచ్చినవాళ్లకు అతను పాస్‌పోర్టు ఫొటోలు తీసిస్తుంటే, నేను స్టూలు మీద కూర్చుని నా పెళ్లి నేనే చూసుకున్నాను. నా మొహం తామరపువ్వులోంచి లేచింది. మా ఆయన మొహం కొబ్బరికాయలోంచి లేచింది. ఈ వీడియో వింతలన్నీ అప్పుడెంత గొప్పగా అనిపించాయో.

అప్పగింతలు వచ్చాయి. మా అత్త, నల్లని జుట్టు, నిండైన మనిషి, నా పాలచేతులు తన చేతుల్లోకి తీసుకుని నా కళ్లలోకి చూస్తూ పాడుతోంది. నోరు కదులుతోంది. స్పీకర్లోంచి డప్పులు, హీరోయినూ. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈసారి పెళ్లికూతురి ఏడుపు కాదు. ఆ తర్వాత నా చేతులు మామగారి చేతుల్లో పెట్టారు. పదేళ్ల కిందట కిడ్నీ జబ్బుతో పోయిన మా మావయ్య, తెల్లకండువాతో, సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

ఆ క్షణంలో సినిమా పాట అయిపోయింది. టక్‌మని ఒక చప్పుడు. తర్వాత హోరు, ఎక్కడో పిల్లాడి ఏడుపు, "పాలు ఒలికిపోతన్నాయి" అని ఎవరో అనడం. వాటన్నిటి మీదుగా బస్సును ఆపే ఆ గొంతు.

"మావగోరూ మావగోరూ, మాటకు మాటాడే గుంటండి,
మందలిస్తే ఏడుస్తాది, మెల్లగ సెప్పుకోండి..."

మళ్లీ టక్. ఇంకో సినిమా పాట.

నేను స్టూలు మీంచి లేచిపోయాను. మోహనకృష్ణ ఫొటో తీయించుకుంటున్న మనిషిని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"పాటలెక్కించిన ఆడియో కేసెట్టు ఆ పక్క అయిపోయుంటాది సెల్లెమ్మా. రెండో పక్కకి తిప్పేలోగా అసలు సౌండు దూరిపోయినాది. అప్పుడు సూసుకుంటే దీన్నీ తుడిసేద్దును," అన్నాడు. అతని కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. ఆ తప్పు జరిగినందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియలేదు నాకు.

అప్పగింతల ముక్క వరకూ వేరే డిస్కు కూడా చేసిచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం దాన్ని అత్త గదిలో పెట్టి, గంజి గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఇదీ పనిచెయ్యకపోతే ఇంక నా దగ్గరేమీ లేదు.

తెరమీద తన నోటిలోంచి హీరోయిన్ గొంతు రాగానే అత్త మూతి ముడిచింది. మావయ్య కనబడగానే ఆ ముడి విడిపోయింది. తన గొంతు వచ్చేసరికి కదలకుండా ఉండిపోయింది. ఆ ముక్క మళ్లీ పెట్టాను. మళ్లీ మళ్లీ పెట్టాను. కళ్ల వెంట నీళ్లు కారాయి, అంతే. పెదవి కదల్లేదు. చివరికి ఎడమ చేత్తో చాలన్నట్టు ఊపి గోడవైపు తిరిగిపోయింది. చెంచా దగ్గరికి పెడితే తోసేసింది.

టీవీ కట్టేశాను. బిందు చెప్పినవన్నీ అందరికీ జరగవు కాబోలు అనుకున్నాను. ఒక్కసారి ఏడ్చేశాను కూడా, ఆవిడ వీపు వెనకాలే కదా. తర్వాత ముక్కు తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక, నేనే ఎత్తుకున్నాను.

"మావగోరూ మావగోరూ, మాటకు మాటాడే గుంటండి..."

నా గొంతు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. దూడలు బెదురుతాయి. అత్త వీపు కదిలింది. నేను రెండో పాదం కూడా పాడి మళ్లీ మొదటికొచ్చాను. అత్త ఇటు తిరిగింది. ఎడమ చేత్తో మంచం పట్టె మీద గట్టిగా కొట్టింది.

"ఏటత్తా? నా పాట అంత బాగులేదేటి?"

తల అడ్డంగా ఊపింది. మళ్లీ కొట్టింది. ఆ కోపం నాకు బాగా తెలిసిన కోపం, పులుసులో ఉప్పు మరిచిపోయిన రోజున వచ్చే కోపం.

"మావయ్యని సూత్తావా? మళ్లీ పెట్టాలా?"

కాదు. వేలు తన గుండెల మీద పెట్టుకుంది. పొడుచుకున్నట్టుగా పెట్టుకుంది. నాకర్థం కాలేదు. అర్థంకాక ఇంకోసారి మావగోరూ అని మొదలుపెట్టాను. మా అత్త ఇంక సహించలేకపోయింది. మెడనరాలు ఉబ్బాయి, నోరు ఒకపక్కకు లాగింది.

"అ... అత్త..."

నేను ఆగిపోయాను.

"అత్త... గోరూ..."

ముద్దగా వచ్చింది, సగం అక్షరాలు గాలిలో పోయాయి. కానీ వరుస తప్పలేదు, రాగం ఎక్కడా తడబడలేదు. మామగారి చరణంతో ఎవరైనా మొదలెడతారా? ముందు అత్తగారి చరణం కదా! ఆ చరణం కేసెట్టులో లేదు. దాని మీద డప్పులున్నాయి. అది ఉన్నది ఈ మంచం మీద మాత్రమే.

"అత్తగోరూ అత్తగోరూ, అమ్మ సాటు గుంటండి..."

అక్కడ ఊపిరి అందలేదు. నేను ఆవిడ కుడి చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిలో బలం లేదు. నా మొహంలోకి చూస్తూ, పందిట్లో చూసినట్టే చూస్తూ, రెండో పాదం అందుకుంది.

"అలిగితే... కూడు తినదు... అడిగడిగి పెట్టండి..."

పాతికేళ్లకు విన్నాను నేను ఆ మాట. పందిట్లో అందరి ముందూ నా గురించి ఆవిడ తనకు తానే చెప్పుకున్న మాట. ఏడ్చాను, ఇంక దాచుకోలేదు. అత్త కూడా ఏడ్చింది. వాకిట్లోంచి మా ఆయన ఆ గొంతు విని చెప్పులతోనే గదిలోకి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

గంజి చల్లారిపోతోంది. చెంచా తీసుకున్నాను.

"అడుగుతున్నాను కదత్తా," అన్నాను. "ఒక్క చెంచా. తినకపోతే నాకేటి!"

అత్త కళ్లు తుడుచుకుంది. నన్ను ఎగాదిగా చూసింది. నోరు తెరిచింది.