పెద్దమ్మ పాట, నా నలభై మూడు రన్నులు

నాకు నలభై మూడు రన్నులు వచ్చు. గొప్ప కోసం చెప్పడం లేదు, లెక్క కోసం చెప్తున్నాను. రన్నంటే తెలియని పుణ్యాత్ములకి ఒక ముక్క: చర్చిలో పాడే మనిషి ఒక లైను ముగించి ఇంకో లైను ఎత్తుకునేలోపు, కీబోర్డు ముందు కూర్చున్న మనిషి వేళ్ళు పై నుంచి కిందకి జలజలా పరిగెత్తిస్తుందే, అది. గాస్పెల్ పాటకి అదే ప్రాణమని వీడియోలో ఒకాయన చెప్పాడు. ఆయన టోపీ పెట్టుకున్నాడు, చేతికి నాలుగు ఉంగరాలున్నాయి, కాబట్టి నమ్మేశాను.

తొమ్మిది నెలలు నేర్చుకున్నాను. పొద్దున్నే స్టవ్ మీద పాలు, భోజనాల బల్ల మీద కీబోర్డు. పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో మా ఆయన్ని అడగండి, తారీఖులతో సహా చెప్తాడు. రన్నుని అప్పటికప్పుడు పుట్టించాలట, ఆ క్షణంలో మనసుకి ఏది తోస్తే అదట. నాకు అలాంటి పనులు నచ్చవు. నేను ముందే అన్నీ బట్టీపట్టి, నోటుపుస్తకంలో నంబర్లేసి, జారుడుబల్ల, దొంగమలుపు, వానచినుకులు అని పేర్లు కూడా పెట్టుకున్నాను. ఆదివారం నాడు మనసుకి ఏమీ తోచకపోతే ఎవరిది పూచీ?

నా ఉద్యోగం లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల ఇరుక్కున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కితే నా చెవిలో ఫోను మోగుతుంది. మెకానిక్ చేరేదాకా వాళ్ళతో నేను మాట్లాడుతూ ఉండాలి. వారంలో ఆరు రోజులు ఇరుక్కుపోయినవాళ్ళ సొద వినే మనిషి, ఏడో రోజు ఒక్క పూట తనని నలుగురూ వినాలనుకుంటే తప్పేముంది చెప్పండి.

నాకంటే ముందు ఆ కీబోర్డు కుర్చీలో ఇరవై రెండేళ్ళు కూర్చున్నది వాచీల మాస్టారు. వాచీలు బాగుచేసేవారు. చేతులు వణకడం మొదలై ముందు వాచీలు వదిలేశారు, ఈ ఏడాది మొదట్లో కీబోర్డూ వదిలేశారు. పాస్టరుగారు ఆ కుర్చీ నాకిచ్చారు. మైకు దగ్గర నిలబడి పాట ఎత్తేది మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి సొంత అక్క. అరవై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళుగా ఆదివారం పెద్ద పాట ఆవిడదే. పెదనాన్న పోయాక ఆవిడకి మిగిలింది ఆ మైకొక్కటే. శనివారం మధ్యాహ్నమే చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకుని, దాన్ని చూసుకుంటూ కూర్చుంటుంది. నాకు రాగం అంటే ఏంటో చెప్పింది ఆవిడే. చెవి మెలిపెట్టి మరీ చెప్పింది.

అలాంటి పెద్దమ్మ, నేను కుర్చీ ఎక్కిన మొదటి ఆదివారమే నా పరువు తీసింది. నేను పదిహేడో నంబరు ఎత్తుకున్నాను, అది సగంలో ఉండగానే ఆవిడ తర్వాతి లైను ఎత్తుకుంది. సరే పోనీ అని నేను ఆగితే, ఆవిడా ఆగింది. ఇద్దరం ఒకే గుమ్మంలో ఎదురుపడి నువ్వు పో అంటే నువ్వు పో అన్నట్టు అయింది. రెండో వారం ఇంకా దారుణం. లైను మధ్యలో, మాట సగంలో ఆవిడ గొంతు ఆగిపోయింది. అక్కడ నేనేం చెయ్యాలి? నా రన్ను లైను చివర కదా ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వంతు ఎప్పుడొస్తుందా అని చూశాను. రెండు వందల మంది కూర్చున్న హాలులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. పెద్దమ్మ నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు.

మూడో వారం, నాలుగో వారం, అదే తంతు. పెద్దావిడ గొంతు పోయిందని హాలంతా గుసగుసలు. అందరికంటే ఎక్కువ బాధపడింది కోశాధికారిగారి కోడలు. పాపం, రెండేళ్ళుగా పక్కన ఇంకో మైకు పట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని బాధపడుతూనే ఉంది. మేం ఆమెని మైకు కోడలు అంటాం. ఆమె లేనప్పుడు.

పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు ఇంటి మనిషివి అమ్మా. దాచకుండా చెప్పు. ఆవిడ పాడగలదా?"

నేను దాచుకునే రకమా? "అయిపోయిందండి. విశ్రాంతి ఇస్తే మంచిది," అన్నాను. మంచి మనసుతోనే అన్నాను. నా రన్నుల మంచి కోసం.

"సరే, వచ్చే ఆదివారం ఒక్కసారి చూద్దాం. మళ్ళీ మధ్యలో ఆగిపోతే ఇక కోడలమ్మాయికి ఇచ్చేద్దాం," అన్నారాయన. ఆ మాట పెద్దమ్మకి కూడా ఆయనే చెప్పారు, ప్రార్థన చేసి మరీ.

ఆ సాయంత్రం పెద్దమ్మ నాకు ఫోను చేసింది. "నిజంగా నా గొంతు అంత పాడైందేంటే? నువ్వైతే మొహమాటపడవు, నువ్వు చెప్పు," అంది. జన్మలో మొదటిసారి నాకు మొహమాటం వచ్చింది. వయసు కదా పెద్దమ్మా అని ఏదో నసిగాను. "నిన్నమొన్నటి దాకా బాగానే ఉండేదే," అని పెట్టేసింది.

ఆ మాట నా బుర్రలో ముల్లులా ఉండిపోయింది. నిజమే, నిన్నమొన్నటి దాకా బాగానే ఉండేది. మరి నేను కూర్చోగానే ఏమొచ్చింది? చర్చిలో ప్రతి ఆదివారం పాటని రికార్డు చేస్తారు. పాతవి తెచ్చుకుని, ఒకే పాట ఆరు వేరువేరు ఆదివారాల్లో పాడింది వరసగా విన్నాను. పెద్దమ్మ గొంతు హాయిగా ఉంది. మాస్టారి వాయింపు మాత్రం ఘోరం. ఒక వారం రన్ను లైను చివర, ఇంకో వారం లైను మధ్యలో, ఇంకో వారం ఏకంగా మాట మధ్యలో. ఒక చోట రెండు స్వరాలే, ఇంకో చోట ఆగకుండా అరనిమిషం. ఒక నంబరూ లేదు, ఒక పద్ధతీ లేదు. ఇదా ఇరవై రెండేళ్ళ అనుభవం అనుకుని, ఆయనకి ఆ మాట చెప్పి రావడానికే వెళ్ళాను.

మాస్టారి గదిలో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ ఇంకా పరిచే ఉంది. చిన్న పట్టకార్లు వరసగా ఉన్నాయి, కంటికి పెట్టుకునే భూతద్దం ఉంది. వాచీ ఒక్కటీ లేదు. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని కూర్చున్నారు.

"మాస్టారూ, ఒకే పాట ఆరు వారాలు ఆరు రకాలుగా వాయించారు. వాటిలో ఏది కరెక్టు?"

"ఆరూ కరెక్టే."

"మాట మధ్యలో దూరిపోయారండీ."

"అక్కడే కదమ్మా అవసరం పడింది," అన్నారు తాపీగా. "మీ పెద్దమ్మ ప్రతి వారం ఒకే చోట ఊపిరి తెగితే నేనూ ఒకే చోట వాయించేవాణ్ణి."

నాకు ఒక పట్టాన ఎక్కలేదు. ఆయనే విడమరిచి చెప్పారు. ఆరేళ్ళ కిందట పెద్దమ్మకి న్యుమోనియా వచ్చి నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. తగ్గిందనే మేమంతా అనుకున్నాం. గొంతుకి తగ్గింది, ఊపిరికి తగ్గలేదు. అప్పటినుంచి ఒక్క లైను కూడా ఒక్క ఊపిరిలో పాడలేదట. ఎక్కడ తెగుతుందో ఆవిడకే తెలియదట. తెగిన చోటల్లా ఈయన వేళ్ళు పెట్టి, ఆవిడకి ఊపిరి అందేదాకా స్వరాలు తిప్పుతూ ఉండేవారట. మేం అంతా అబ్బ, మాస్టారు ఎంత బాగా సింగారిస్తున్నారో అని తలలూపాం.

"ఆరేళ్ళు ఎవరికీ తెలియలేదే?" అన్నాను.

"తెలిస్తే నేను సరిగ్గా వాయించనట్టు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ గొంతు పోలేదు. ఆవిడ ఆగిన చోట నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను, అంతే. పైగా వెళ్ళి అయిపోయిందండి అని సాక్ష్యం చెప్పి వచ్చాను. ఆ సంగతి కూడా ఆయనకి చెప్పేశాను. ఆయన తిడతారేమో అని చూశాను. తిడితే బాగుండేది.

"ఇవాళ సోమవారం. ఆదివారానికి ఆరు రోజులుంది. రేపట్నుంచి ఆఫీసు అవగానే రా. ఆ నోటుపుస్తకం ఇంట్లో వదిలేసి రా," అన్నారు.

వెళ్తే ఆయన నన్ను కీబోర్డు ముట్టనివ్వలేదు. నేను వెళ్ళింది వాయించడం నేర్చుకోడానికి అని గుర్తుచేశాను, పట్టించుకోలేదు. ఈ నెల రికార్డులు పెట్టారు, పెద్దమ్మ ఆగిపోయి, నేను కూర్చుండిపోయినవి. "ఊపిరి తెగాక వాయిస్తే అందరికీ తెలిసిపోతుంది. తెగబోతోందని నీకు ముందే తెలియాలి. తెలిసినప్పుడు వేలెత్తు," అన్నారు. పదకొండు చోట్ల ఆగింది, నేను రెండు చోట్ల ఎత్తాను. అందులో ఒకటి దోమ కోసం.

బుధవారం ఆఫీసులో ఒక ఫోను వచ్చింది. లిఫ్టులో ఇరుక్కున్న ఆవిడ, నాకేం భయం లేదండి, బాగానే ఉన్నాను అంది. బాగానే ఉన్నాను అనేదాంట్లో ఆఖరి అక్షరం సగంలో కొరికేసింది. నేను ఏమీ ఆలోచించకుండానే, మీరు ఏ అంతస్తుకి వెళ్తున్నారండీ, అక్కడెవరున్నారు అని అడగడం మొదలుపెట్టాను. ఆమె ఏడవబోయి, ఏడవడం మర్చిపోయి, చెల్లెలి గురించి చెప్పింది. పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నానని అప్పుడు తట్టింది నాకు. పెద్దమ్మ కూడా అంతే, తెగబోయే ముందు అక్షరం చివర కొరికేస్తుంది. ఆ సాయంత్రం ఆ పదకొండు చోట్లలో ఎనిమిదింటికి వేలెత్తాను. మాస్టారు బిస్కెట్లు పెట్టారు.

శనివారం కీబోర్డు మూత తీయనిచ్చారు. "ఏ రన్ను వాయించమంటారు?" అని అడిగాను.

"ఆవిడ వదిలిన స్వరం దగ్గర మొదలుపెట్టు. అందుకోబోయే స్వరం దగ్గర ఆగు. మధ్యలో ఆవిడకి ఎంతసేపు పడితే అంతసేపు తిరుగు. దానికి పేరేం పెట్టుకుంటావో నీ ఇష్టం."

ఆదివారం పెద్దమ్మ ఇస్త్రీ చీరలో వచ్చి మైకు దగ్గర నిలబడింది. నా వైపు చూడలేదు. మైకు కోడలు అప్పుడే గొంతు సవరించుకుంటోంది, ప్రేమతో. పాస్టరుగారు మొదటి వరసలో కళ్ళు మూసుకున్నారు, ఒక కన్ను సరిగ్గా మూయలేదు.

మొదటి చరణంలో రెండు చోట్ల తెగింది, రెండూ పట్టాను. చిన్నవే, రెండు మూడు స్వరాలు. రెండో చరణం గడిచింది. మూడో చరణంలో పైకి వెళ్ళే లైను ఉంది, అక్కడ ఆవిడ అక్షరం కొరికింది. నా వేళ్ళు అప్పటికే కదిలాయి. ఆవిడ వదిలిన చోట అందుకుని పైకి వెళ్ళాను, ఎక్కవలసిన స్వరం దగ్గర నిలబడ్డాను. ఆవిడ రాలేదు. ఇంకో చుట్టు తిరిగాను. రాలేదు. ఆవిడ చెయ్యి మైకు కాడని గట్టిగా పట్టుకోవడం కనిపించింది, కోడలు మైకు నోటి దగ్గరికి తెచ్చుకోవడం కూడా కనిపించింది. నా నలభై మూడింటిలో ఒక్కటీ గుర్తురాలేదు. రావే పెద్దమ్మా, ఇక్కడే ఉన్నాను, తొందరేం లేదు అని లోపల అనుకుంటూ మూడో చుట్టు తిరిగాను, ముందుకంటే నెమ్మదిగా. ఏం వాయించానో ఇప్పుడు అడిగితే నాకు తెలియదు. మూడో చుట్టు చివర ఆవిడ గొంతు వచ్చి సరిగ్గా ఆ స్వరం మీద దిగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాట అయిపోయేదాకా మళ్ళీ ఆగలేదు, అంటే ఆగినట్టు ఎవరికీ తెలియలేదు.

దేవుడు అమ్మగారి గొంతు తిరిగి ఇచ్చాడని పాస్టరుగారు ప్రకటించారు. వచ్చే వారం, ఆపై వారం కూడా పెద్ద పాట ఆవిడదే అన్నారు. నేను దగ్గరికి వెళ్ళి, పోయిన వారం నేను చెప్పింది తప్పండి, నా చెవికే ఏదో అయింది అన్నాను. ప్రార్థన చేస్తానన్నారు. కోడలు మాత్రం నన్ను ఓదార్చింది. "ఏంటక్కా, ఇవాళ మీ రన్నులేం వేయలేదు, ఒంట్లో బాలేదా?" అంది.

పెద్దమ్మని ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళాను. ఆవిడ ఉండేది రెండో అంతస్తు. మెట్ల దగ్గరికి రాగానే నిలబడి నా వైపు తిరిగింది.

"ఒక మాట చెప్తాను, ఏడవకు. నేను పాడుతుంటే మాట మధ్యలో దూరతావేంటే? మనిషిని ఒక లైను తిన్నగా పాడనివ్వవా? ఆ వాచీలాయనా ఇంతే. ఆరేళ్ళు నా ప్రాణం తీశాడు. నీ గొప్ప నువ్వు చూపించుకోవాలంటే నా పాటే దొరికిందా అని మొహం మీదే అడిగేదాన్ని, ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. సిగ్గు లేకుండా నవ్వేవాడు. నువ్వొచ్చావు, ఇక హాయి అనుకున్నాను. నీకూ అదే రోగం పట్టుకుంది."

నా నోటి సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎవరి మాటా పడే రకం కాదు. మా ఆయన సాక్షి.

"పొరపాటైంది పెద్దమ్మా," అన్నాను.

"వచ్చే వారం దూరకు."

"చూస్తానులే."

గొణుక్కుంటూ మెట్లెక్కింది. నేను వెనకాల ఆవిడ సంచి పట్టుకుని ఎక్కాను. పదో మెట్టు మీద ఆవిడ, "అసలు ఈ కాలం పిల్లలకి పెద్దవాళ్ళంటే గౌర" అని ఆగింది. చెయ్యి గోడకి ఆనించింది.

"అన్నట్టు పెద్దమ్మా, మొన్న ఆఫీసులో ఏమైందో తెలుసా," అని నేను ఎత్తుకున్నాను. లిఫ్టులో ఇరుక్కున్నావిడ గురించి, ఆవిడ చెల్లెలి గురించి, ఆ చెల్లెలి మొగుడి గురించి చెప్పాను. మొగుడి సంగతి నాకు తెలియదు, అక్కడికక్కడే కల్పించాను. ఆవిడ గోడకి ఆనుకుని, కథ వినడానికే ఆగినట్టు వింది. ఊపిరి ఇంకా అందలేదు, అందుకని ఆ మొగుడికి ఒక తమ్ముణ్ణి కూడా పెట్టాను.

"నీ వాగుడికి అంతుండదేంటే. నడు," అంది చివరికి.

నడిచాను.