గోడ ఎక్కని హైడ్రోజన్

ఉజ్దా విశ్వవిద్యాలయంలో తను చేసే పనేమిటో అక్క ఖైరాకి ఫోనులో చెప్పి చెప్పి గిజ్లాన్‌కి నోరు నొప్పి పుట్టేది.

"అది కాదక్కా. ఎంజైము మన ఒంట్లో పనులు చకచకా జరిపిస్తుంది. ఒక అణువులోంచి హైడ్రోజన్ తీసి ఇంకోదానికి అందిస్తుంది. మధ్యలో గోడలాంటి అడ్డుంటుంది. హైడ్రోజన్ ఆ గోడ ఎక్కదు. ఇటున్నది అటు తేలుతుంది, అంతే."

"ఎక్కకుండానే?"

"ఎక్కకుండానే. మరీ చిన్నది కదా, దానికా వీలుంది."

"పాస్‌పోర్టు అడగరా దాన్ని?" అని ఖైరా పకపకా నవ్వింది.

ఖైరా మెట్టినిల్లు మగ్నియా. ఉజ్దాకి కూతవేటు దూరమే. కానీ అది అల్జీరియా, ఇది మొరాకో. రెండు ప్రభుత్వాలూ మొహాలు మాడ్చుకుని సరిహద్దు మూసి పదేళ్లయింది. వాళ్ల పంతాలు వాళ్లవి, ఏడుపులు మాత్రం జనానివి! విమానంలో చుట్టూ తిరిగి వెళ్లడం ఈ అక్కచెల్లెళ్ల తాహతుకి మించిన పని. ఇప్పుడు చక్కెర జబ్బుతో ఖైరా చూపు పోతోంది. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడు.

"పూర్తిగా పోకముందే ఒక్కసారి నిన్ను చూడాలే పిల్లా," అంది ఖైరా.

చూసుకోవడానికి ఒకే ఒక్క చోటుంది. సయీదియా రోడ్డు పక్కన ఒక వాగు. ఇటొడ్డున వీళ్లు, అటొడ్డున వాళ్లు. శుక్రవారం నమాజు అయ్యాక చేరి చేతులూపుకుంటారు, కేకలేసుకుంటారు. ఎవరెవరో తెలియడానికి బట్టల రంగు ముందే చెప్పుకుంటారు.

"పసుపు శాలువా కప్పుకో. నా కళ్లకి ఇప్పుడు ఆనేది అదొక్కటే."

ఆ శుక్రవారం పొద్దున్నే గిజ్లాన్ పసుపు శాలువా కప్పుకునే ప్రయోగశాలకి వెళ్లింది. అప్పుడే తయారైన ఎంజైము, మర్నాటికి పనికిరాదు. మామూలు హైడ్రోజన్ బదులు రెట్టింపు బరువున్న హైడ్రోజన్ పెట్టి చూసింది. గోడ ఎక్కి దిగేదే అయితే బరువుది కాస్త వెనకబడాలి. ఇదేమో ఎక్కడో బాగా వెనక ఉండిపోయింది. వేడి పెంచినా తగ్గించినా ఆ తేడా మారలేదు. అంటే గోడలోంచే పోతోందన్నమాట! బరువుదానికి ఆ దారి దొరకడం లేదు.

తోటి పరిశోధకుడు స్లిమాన్ గడియారం చూపించాడు. "ఇక కదులు తల్లీ! మీ అక్క వచ్చేసి ఉంటుంది."

"ఇంకొక్కసారి. ఇదే మళ్లీ వస్తే నమ్మొచ్చు."

మళ్లీ అదే వచ్చింది. గిజ్లాన్ చిన్నపిల్లలా గంతేసింది. ఆ సంబరంలో పొద్దు సంగతే మరిచిపోయింది.

టాక్సీ దిగేసరికి ఒడ్డంతా జనం, అరుపులు, సముద్రపు గాలి. అవతల ఖైరా. అయ్యో, ఎంత చిక్కిపోయింది! "అక్కా!" అని గిజ్లాన్ గొంతు చించుకుంది. అక్కడ ప్రతివాళ్లూ ఎవరో ఒకరిని అలాగే పిలుస్తున్నారు.

ఖైరా ఇటు చూడటం లేదు. ఇటొడ్డునే కాస్త ఎడంగా నిలబడ్డ ఒక బొద్దుపాటి ఆవిడ వైపు చేతులు చాచి ఏడుస్తోంది, నవ్వుతోంది, ముద్దులు విసురుతోంది. ఆవిడ భుజాల మీదా పసుపు శాలువానే. గిజ్లాన్ జనాన్ని తోసుకుంటూ అక్కడికి చేరేలోపు అవతల ఖైరాని ఆమె కొడుకు నడిపించుకెళ్లి కారెక్కించాడు.

"ఆమె మా అక్క," అంది గిజ్లాన్, ఊపిరందక.

"అయ్యో తల్లీ! మావాళ్లెవరూ రాలేదు. నన్నే చూసి అంతలా ఏడుస్తుంటే చెయ్యూపకుండా ఎలా ఉంటాను?" అందావిడ, కళ్లొత్తుకుంటూ.

ఆవిడనేమనగలదు? గిజ్లాన్‌కి తన మీద తనకే మంట పుట్టింది.

మర్నాడు ఫోను చేసింది. అంతా చెప్పేయాలనీ, వచ్చే శుక్రవారం తెల్లారకుండానే వెళ్లి నిలబడాలనీ అనుకుంది.

"అక్కా, నిన్న నేను..."

"చూశానే! కడుపు నిండా చూశాను. పొద్దున లేచేసరికి పసుపు కూడా ఆనడం లేదు. అంతా చీకటే. పోతే పోనీ, నిన్ను చూశాకే కదా పోయాయి!" ఖైరా గొంతులో ఎప్పుడూ లేని నిమ్మళం. "చిన్నప్పుడు పుల్లలా ఉండేదానివి. ఎంత బొద్దుగా అయ్యావే!"

గిజ్లాన్ ఎముకలు తేలిన తన మణికట్టు వైపు చూసుకుంది.

"అవునక్కా," అంది. "ఈమధ్య కాస్త ఒళ్లు చేశాను."