రాతిలో చప్పుడు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు అక్వేరియంలో తగ్గిన నీళ్ళు పోయడం ఆమె పని. గాజు మీద మార్కర్‌తో గీసుకున్న గీత దాకా రావాలి. పోయాల్సింది మంచినీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరై పోయేది నీళ్ళేగానీ ఉప్పు ఎక్కడికీ పోదు, లోపలే ఉండిపోతుందని అక్వేరియం షాపాయన చెప్పిన మాట ఆమె మనసులో ఎందుకో గట్టిగా పడిపోయింది. కొత్తలో ఒక వారం భర్త సరదాపడి ఉప్పునీళ్ళే పోశాడు. సముద్రం జీవాలకి సముద్రం నీళ్ళే పోయాలి అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం! మొదట తెచ్చిన పగడం వడిలి, జిగురులా జారిపోయింది. "నువ్వేదో చేశావ్," అన్నాడు. ఆమె ఇసుక మళ్ళీ కడిగింది.

స్నేహితుడి ఇంట్లో చూసి ముచ్చటపడి తెచ్చాడా తొట్టె. తేవడం వరకే అతని పని. బకెట్లో ఉప్పు కలిపి కొలవడం, రాళ్ళు కూలకుండా పేర్చడం, ఆ మొదటి పగడం పోయాక ఒక్క ప్రాణీ లేని నీళ్ళకు నెలరోజులు కాపలా కాయడం ఆమె వంతు. పగడాలు వేసేముందు నీళ్ళు పండాలట, అంటే ప్రాణులు బతికేలా కుదురుకోవాలట. "దాని ఉద్యోగమే నీళ్ళు చూడ్డం కదా, ఇంట్లోనూ చూస్తుంది. అదేమన్నా కష్టమా?" అంది అత్తగారు. నిజమే, ఊళ్ళో కుళాయిల్లో వచ్చే నీళ్ళు తాగొచ్చో లేదో తేల్చే ల్యాబులో ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. రిపోర్టు రాసేది ఆమె, కింద సంతకం పెద్దసారుది. మీటింగులో ఆమె నోరు తెరవబోతే, "టీ వచ్చిందేమో చూడమ్మా," అంటాడాయన.

పండిన నీళ్ళలోకి మెత్తటి పగడాలు కొనడానికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. ఆమెకు ఒక రాయి నచ్చింది. దాని నిండా చొక్కా గుండీలంత పువ్వులు, ఆకుపచ్చ అంచులతో. షాపాయన దాన్ని సంచిలో కడుతూ గొంతు తగ్గించాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకోండమ్మా. ఈ గుండీ పగడాలున్న రాయిని ఏం జరిగినా వేడినీళ్ళలో వెయ్యొద్దు. చేతికి గ్లౌజు లేకుండా ముట్టుకోవద్దు. వీటి విషం ఆవిరిలో లేస్తే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలే. బతికి బయటపడతారని కూడా చెప్పలేం." భర్త అప్పుడు బయట ఫోను మాట్లాడుతున్నాడు. కారెక్కాక ఆమె చెప్పింది. "వాడు భయపెడతాడు, నువ్వు భయపడతావ్. నీకేం తెలుసు?" అని పాట పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే మొదలైంది చప్పుడు. టక్. గాజు పగిలిందనుకుని ఆమె నాలుగు వైపులా వేళ్ళతో తడిమి చూసింది. చిన్న పగులు కూడా లేదు. షాపాయనకు ఫోను చేస్తే నవ్వాడు. "రాతి కన్నంలో చిన్న రొయ్య దూరి వచ్చుంటుందమ్మా. దానికి ఒక చెయ్యి పెద్దది, దాంతో చిటికేస్తుంది. మీకెప్పటికీ కనపడదు."

రొయ్యే అయ్యుంటుంది. కానీ రొయ్యకు మాటలెలా తెలుస్తాయి? భర్త "నీకేం తెలుసు" అన్నప్పుడు, టక్. పక్కింటావిడతో అత్తగారు "మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల, ఏమన్నా పడుంటుంది" అని మెచ్చుకున్నప్పుడు, టక్. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం ఎంతసేపు చెవి ఒగ్గినా ఉలుకూ పలుకూ ఉండదు. మిగతావాళ్ళ నీడ పడితే గుండీలన్నీ ముడుచుకునేవి. ఆమె గ్లౌజు వేసుకుని చెయ్యి పెడితే ఒక్కటీ ముడిచేది కాదు. అత్తగారు తన కుర్చీని అక్కణ్ణుంచి జరిపించుకుంది. "అమ్మాయ్, ఆ రాయి నిన్నే చూస్తోందే," అంది ఒకరోజు, నవ్వకుండా. చప్పుడైన ప్రతిసారీ ఆమెకు దవడ కింద సన్నగా నొప్పి లేచేది. పంటి నొప్పి అనుకుని లవంగం పెట్టుకుంది.

శనివారం భర్త ఆఫీసు మేనేజరు భార్యతో సహా కాఫీకి వచ్చాడు. ఆమె కప్పులు అందిస్తుంటే భర్త తొట్టె ముందు నిలబడి చెబుతున్నాడు. "ఉప్పు కలపడం దగ్గర్నుంచి అంతా నేనే సార్. మా ఇంటి మూగనోముకు ఇవేం అర్థమవుతాయి, బకెట్లు మోస్తుందంతే." సొమ్మొకడిది సోకొకడిది. టక్, టక్, టక్. మేనేజరు ఎగిరిపడి కాఫీ ప్యాంటు మీద ఒంపుకున్నాడు. ఆయన భార్య పకపకా నవ్వింది. భర్త చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం పొద్దున్నే అతను పెద్ద పాత్ర దించి నీళ్ళు పట్టి స్టవ్ మీద పెట్టాడు. పొడుగు పట్టకారుతో రాయిని తీసుకొచ్చి అందులో దింపాడు. "ఉడికితే అదే చస్తుంది," అన్నాడు. మంట గాలికి ఊగుతోందని కిటికీ మూసేశాడు. అత్తగారు అక్కడే స్టూలు మీద కూర్చుని బీన్స్ తుంచుతోంది. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. చెప్పాలి. ఒక్క మాట చాలు. నాలుక కదల్లేదు. 'చెప్పాను కదా, నాకేం తెలుసు' అనుకుంది. పాత్ర అడుగున ఆవగింజలంత బుడగలు మొదలయ్యాయి.

తర్వాత ఆమెకు తెలిసేసరికి ఇంటి బయట మెట్ల మీద ఉంది. కాళ్ళకు చెప్పులున్నాయి. భుజాన హ్యాండ్‌బ్యాగు ఉంది. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది, వేసింది తనే. ఎప్పుడు వేసిందో గుర్తులేదు. నీళ్ళు ఎప్పుడు మరుగుతాయా అన్నట్టు పెదవులు మెల్లగా అంకెలు లెక్కపెడుతున్నాయి. నలభై ఒకటి, నలభై రెండు. ఎండ బాగుంది. చాలా ఏళ్ళ తర్వాత ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు.

టక్.

రాయి వంటింట్లో నీళ్ళలో ఉంది. ఆ చప్పుడు ఆమె నోట్లోంచి వచ్చింది. పళ్ళు ఒకదానికొకటి తగిలి, దవడ దగ్గర. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు తన నోట్లోంచే వచ్చిందో! ఆమె తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది. స్టవ్ కట్టేసింది, కిటికీ బార్లా తెరిచింది, అత్తగారిని రెక్క పట్టుకుని ముందుగదిలోకి లాక్కెళ్ళింది. బీన్స్ నేలంతా దొర్లాయి. నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు భర్త. ఆమె షాపాయన మాటలు పొల్లుపోకుండా చెప్పింది. అతను పాత్ర వైపు, తల్లి వైపు చూసి గోడకు ఆనుకున్నాడు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"ఆరోజే చెప్పాను. కారులో."

"ఇవాళ చెప్పాలి కదా!"

"అవును. ఇవాళ చెప్పాలి."

ఆమె గ్లౌజులు వేసుకుని రాయిని ఉప్పునీళ్ళ బకెట్లోకి మార్చి మూత పెట్టింది. గుండీలన్నీ ముడుచుకుని ఉన్నాయి. లోపల ఏదన్నా ఉందో లేదో చూడలేదు. నాలుగు జతల బట్టలు సర్దుకుంది. అత్తగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమెనే చూస్తోంది, ఆరోజు రాయిని చూసినట్టు.

"నీ మాట వినలేదని ఇల్లొదిలి పోతావా?" అన్నాడు భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆమె బకెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మీరు వినలేదని కాదండీ వెళ్తోంది. ఇవాళ నేను చెప్పకుండా ఉండగలిగాను, అందుకు."