వీధి మొత్తానికీ ఒకే పాస్‌వర్డు

ధర్మవరంలో శ్రీరాములు చీరల అంగడికి వైఫై వచ్చిన రోజే అది వీధిపాలైంది. నీళ్లడిగితే చెంబు అందించినట్టు, ఎవరొచ్చి అడిగినా ఆయన పాస్‌వర్డు చెప్పేవాడు. మర్చిపోయినవాళ్లకు మళ్లీ చెప్పేవాడు. అంగడి పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ. దాన్ని కనిపెట్టడానికి దొంగ అక్కర్లేదు, బోర్డు చదవడం వస్తే చాలు.

ఇది చూస్తే కూతురు యమునకు ఒళ్లు మండేది. హిందూపురంలో బీటెక్ చదివిన పిల్ల. ఆ చదువంతా పెట్టి ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫోను ముందు నిలబడి లైవ్‌లో చీరలు అమ్ముతోంది. అమ్ముతోంది అనడం మర్యాదకే. సగంసేపు బొమ్మ ఆగిపోయి, నోరు తెరిచిన యమున చీరకు అడ్డంగా నిలిచిపోయేది.

"ఈ శుక్రవారం ఒక్క చీరన్నా పోకుంటే సోమవారం ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనికి చేరల్ల," అన్నాడు శ్రీరాములు. "మీ మామ మాట్లాడినాడు. కుర్చీలో కూర్చునే పనంట. ఏసీ అంట."

యమునకు ఏసీ వద్దు. ఈ అంగడి కావాలి.

గురువారం సాయంత్రం రూటర్ పేజీ తెరిచింది. వీధిలోని ఫోన్లన్నీ అందులోనే ఉన్నాయి, రెండు టీవీలతో సహా. కొన్నవాళ్ల దుడ్లు వచ్చిపడే అంగడి ఫోను కూడా ఆ గుంపులోనే, అందరితో భుజాలు రాసుకుంటూ.

"నాయనా, ఎవడన్నా మన వైఫైలో తప్పుడు పని చేస్తే పోలీసోళ్లు కొట్టేది మన తలుపే!"

పాస్‌వర్డు మార్చేసింది. వీధికి 'గెస్ట్' అని వేరే వైఫై పెట్టి, కోపం కొద్దీ దాని గొంతు బిగించింది. మెసేజీలు పోతాయి, వీడియో పోదు.

శుక్రవారం పొద్దున్నే ఎదురింటి మాబున్నీ వచ్చింది. ఈ అంగడి చీరల కొంగులకు కుచ్చులు కట్టేది ఆమే.

"ఏమ్మే, కొత్త పాస్‌వర్డు నత్త మాదిరి పోతాండాదే?"

"అది గెస్టులకక్కా. మాది వేరే."

"నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని, ఇప్పుడు గెస్టయితినా?" మాబున్నీ నవ్వింది. "అంటే మాకు వేరే గ్లాసు పెట్టినావన్నమాట."

నవ్వుతూనే అంది. కాఫీ మాత్రం తాగకుండా లేచి వెళ్లిపోయింది.

లైవ్ మొదలైంది. బొమ్మ అద్దంలా ఉంది, ఒక్కసారీ ఆగలేదు. కానీ కామెంట్లు లేవు. ఎప్పుడూ ఆమె నోరు తెరవకముందే హాయ్‌లు, గులాబీలు, "సూపర్ కలర్"లు వచ్చి పడేవి. హైదరాబాదామె అనుకునే 'క్వీన్ బ్యూటీ'దే ఎప్పుడూ మొదటి గులాబీ. ఈరోజు పెనుకొండ నుంచి క్లాస్‌మేట్ శైలజ ఒక్కతే రాసింది: "ఏమే, జనాలంతా యాడికి పోయినారు?"

యమునకు కాలు నిలవలేదు. ఒక చీర మడవకుండానే ఇంకొకటి తీసింది. నీళ్లు తాగింది. కామెంట్ల వైపు చూసింది. మళ్లీ నీళ్లు తాగింది.

"ఈ చీర అంచు చూడండి," అని ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

అప్పుడు వినిపించింది. ఎదురింట్లోంచి తన గొంతే. "ఈ చీ... ఈ చీ... ఈ చీర అం..." ఆ పక్కింట్లోంచి, ఇంకాస్త వెనకబడి, అదే ముక్క. అవతలింట్లోంచి ఉత్త "ఈ... ఈ..." వీధంతా ఆమెనే చూస్తూ ఉంది, నత్తి నత్తిగా.

ఫోనును స్టాండు మీదే వదిలేసి, చేతిలోని పసుపు చీర భుజాన వేసుకుని వీధి దాటింది. మాబున్నీ గడపలో కూర్చుని బొటనవేలితో ఫోనును టకటకా పొడుస్తోంది.

"ఏం చేస్తాండావక్కా?"

"హార్టు కొడతాండా. బొమ్మ ఇరుక్కుని అదీ పోతానే లేదు. మా పాప ఆలియా చెప్పింది, మొదుట్లో జనాలు కనపడితేనే బయటోళ్లు ఆగి చూస్తారంట. అందుకే అందరమూ శుక్రవారం శుక్రవారం కొడతాము. ఆ క్వీన్ బ్యూటీ లేదూ?"

"హైదరాబాదామె?"

"మూలింటి రత్నమ్మ అవ్వ."

"నా మీద కోపం రాలేదా అక్కా?"

"ఏంటికి రాదు? వచ్చింది. కోపం వేరే, శుక్రవారం వేరే. ముందు పోమ్మే, నీ లైవ్‌లో ఉత్త గోడ వస్తాండాది. పొద్దున్నించీ సక్కగా కనపడింది అదొక్కటే."

యమున పరుగున వచ్చి గెస్ట్ కట్టు వదులు చేసింది. దుడ్ల ఫోనును మాత్రం వేరేగానే ఉంచింది. వీధంతా ఒక్కసారి పైన పడితే తన లైవ్ మళ్లీ ఆగుతుంది. అందుకని తన బొమ్మ క్వాలిటీ తనే రెండు మెట్లు దించుకుంది. జరీ మెరుపు కొంచెం చచ్చింది. అదే చీర మళ్లీ పట్టుకుంది.

హాయ్‌లు వచ్చాయి. గులాబీలు వచ్చాయి. "అంచు సూపర్" అంది క్వీన్ బ్యూటీ. వాళ్ల వెనకే ముక్కూ మొహం తెలియనివాళ్లు తొంగిచూడటం మొదలైంది. లైవ్ ముగుస్తుందనగా హిందూపురం నుంచి ఎవరో ఫోను చేసి, ఆ పసుపు చీర ఉందా అని అడిగారు. శ్రీరాములు ఫోన్లోనే తలాడించి, గుర్తొచ్చి, "ఉండాదమ్మా!" అని అరిచాడు. నిమిషంలో దుడ్లు వచ్చిపడ్డాయి.

"ఒకటేనా?" అన్నాడు తర్వాత, కూతురి మొహం చూడకుండా.

"ఒక్క చీరన్నా అన్నావు కదా నాయనా."

ఆయన కాసేపు చెవి గీరుకుని, ఫోను తీశాడు. "బావా, ఆ ఎర్రమంచి కుర్చీ... ఇంగొక నెల ఆగమంటావా వాళ్లను?"

నెలంటే నాలుగు శుక్రవారాలు. యమున అప్పటికే నిచ్చెనెక్కి పై అరలోని చీరలు గుంజుతోంది.