సోన్‌పాట్ కొండకి వచ్చినవాళ్ళు

సోన్‌పాట్ కొండ మీద నిలబడి శనివారం కేకవేస్తే ఆదివారం బదులు వస్తుందని అచ్చయ్య చెప్పేవాడు. అందుకే సర్కారు రెండు రోజుల టికెట్టు పెట్టిందనీ, ఒక్కరోజుకే వెళ్ళినవాడు బదులు వినకుండా దిగిపోవాల్సిందేననీ అనేవాడు. నాగపూర్ నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన ఇదంతా శ్రద్ధగా విని, "మరి ఆదివారం కేకేస్తే?" అని అడిగాడు.

"సోమవారం మా ఆఫీసుకి ఛుట్టీ సాబ్. మంగళవారం వచ్చి అడగండి. మీకేమని బదులొచ్చిందో నేను చెప్తాను" అన్నాడు అచ్చయ్య.

వ్యాపారి రెండు టికెట్లు కొన్నాడు.

అచ్చయ్య ఆ కొండని ఒక్కసారి కూడా చూడలేదు. రాయ్‌పూర్ స్టేషనులో ముప్పై మూడేళ్ళు పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆంధ్రాలోని సొంతూరి బడిలో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా పెట్టెల మీద అంటించిన చీటీలే. 1987 నాటికి దేవేంద్ర నగర్‌లో ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకుని భార్య సూరమ్మతో ఉంటూ, రోజూ నడిచి శంకర్ నగర్‌లోని కొండల ఆఫీసుకి టికెట్లు అమ్మడానికి వచ్చేవాడు. దాని అసలు పేరు బోర్డు మీద మూడు వరసలుండేది. మూడు వరసలు చదివే ఓపిక లేక జనం కొండల ఆఫీసనే అనేవారు.

ఊటీకీ సిమ్లాకీ పోయే జనం మన కొండలకి ఎందుకు రారని భోపాల్‌లో ఎవరో పెద్దమనిషికి అనిపించిందట. అంతే, సోన్‌పాట్ మీద బంగళా కట్టారు. లోయ చూడటానికి అరుగు కట్టారు. దారిపొడుగునా నవ్వుతున్న పులి బొమ్మలు పెట్టారు. శనివారం పొద్దున్నే ఆఫీసు ముందు నుంచి బస్సు బయలుదేరి అభన్‌పూర్ మీదుగా వెళ్ళి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేది. ముప్పై రెండు సీట్లు, మనుషులు నలుగురైదుగురు. డ్రైవరుని కలిపితే ఆరుగురు, స్టెప్నీని కలిపితే ఏడుగురు అని అచ్చయ్య లెక్క.

దిగినవాళ్ళు కౌంటరు మీది అభిప్రాయాల పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి వెళ్ళాలి. నెలకోసారి దాని నకలు భోపాల్ వెళ్ళేది. ఆఫీసు ఉంచాలా మూసెయ్యాలా అన్నది ఆ పుస్తకమే తేల్చేది. అచ్చయ్యది రోజుకూలీ కుర్చీ కాబట్టి అతని సంగతి కూడా అదే తేల్చేది.

అదే బస్సులో, డ్రైవరు దయతలచి వెనక సీట్లో కూర్చోబెడితే, సుకవారో వచ్చేది. సోన్‌పాట్ కొండ పాదంలో ఉన్న పల్లె ఆమెది. సారపప్పు బుట్ట తెచ్చి ఆఫీసు వరండాలో కూర్చుని అమ్ముకుని, మరుసటి శనివారం దాకా చుట్టాలింట్లో ఉండి, మళ్ళీ అదే బస్సులో వెళ్ళిపోయేది. ఆమెది ఛత్తీస్‌గఢీ. అన్నేళ్ళు స్టేషనులో హమాలీలతో వాదించి అచ్చయ్యకి ఆ భాష ఇంటి తెలుగంత బాగా వచ్చు.

"బాబూ, ఒక అర్జీ రాసిపెట్టు. మాకు నీళ్ళు లేవు" అందామె ఓ రోజు. "వాగులో చెలమ తవ్వుకుంటాం. పోవడానికో గంట, నిండటానికో గంట. ఎండాకాలమైతే నిండదు."

"మీవి ఎన్ని ఇళ్ళు?"

"ముప్పై తొమ్మిది."

అచ్చయ్య కలం ఆగింది. ముప్పై తొమ్మిది అన్నది అర్జీలో పడితే మరీ బక్కగా కనిపిస్తుందని తోచింది. సర్కారు పెద్ద ఏనుగు, దాన్ని లేపాలంటే చీమ చాలదు. నాలుగు వందల ఇళ్ళు అని రాశాడు. అంత రాశాక చెయ్యి ఊరుకోలేదు. చెలమ దగ్గర ఆడవాళ్ళూ పులీ వంతులు వేసుకుంటారనీ, మొదటి వంతు పులిదేననీ రాశాడు.

చదవడం రాని సుకవారో కాగితం వైపు చూసి అడిగింది: "ఎన్ని రాశావు?"

"ముప్పై తొమ్మిదే. కాస్త లేచి నిలబడి కనబడేట్టు రాశాను."

ఆమె వేలిముద్ర వేసింది. అలా ఏడాదిలో మూడు అర్జీలు వెళ్ళాయి. మూడింటికీ ఒకే జవాబు, సైక్లోస్టైలు కాగితం: మీ అర్జీ అందినది, పరిశీలనలో ఉన్నది. సుకవారో ఆ మూడింటినీ నూనెగుడ్డలో చుట్టి దాచుకుంది.

ఈలోగా ఇంకోటి జరిగింది. నాగపూర్ వ్యాపారి బదులు వినకుండానే దిగొచ్చి, కొండ బాగుంది గానీ మూడో మలుపులో కూర్చోవడానికి చోటు లేదని పుస్తకంలో రాసిపోయాడు. రెండు నెలలు తిరక్కుండా అక్కడ నాలుగు సిమెంటు బెంచీలు వచ్చాయి. అచ్చయ్య ఆ సంగతి విని ఒక పూటంతా ఎవరికీ ఏ కథా చెప్పకుండా కూర్చున్నాడు. ఏడాదిగా ఒక పల్లె అడిగితే పలకని సర్కారు, రెండు రోజులు వచ్చిపోయినవాడు కూర్చుంటానంటే బెంచీ వేసింది.

ఆ వారమే పుస్తకంలో తెలుగులో ఒక అభిప్రాయం పడింది. "పార్వతీపురం వాస్తవ్యులు సత్తిరాజు, కుటుంబంతో. కొండ దివ్యంగా ఉన్నది. పైన తాగడానికి చుక్క నీరు లేదు. మా ఆవిడ మెట్ల మీద సొమ్మసిల్లినది." మరుసటి వారం సీతానగరం నుంచి తాయారమ్మ గారు వచ్చారు. ఆవిడకీ దాహమే. ఆపైన బొబ్బిలి వాళ్ళు, దొంకినవలస వాళ్ళు. ఒకరి దస్తూరీ కుడిచేతిది, ఒకరిది ఎడమచేతిది.

మేనేజరుకి తెలుగు రాదు. అచ్చయ్యే చదివి చెప్పాలి.

"ఈయనేమంటాడు?"

"నీళ్ళు లేవంటున్నాడు సాబ్."

"ఈమె?"

"ఈవిడా అదే."

"మీ ఆంధ్రావాళ్ళు ఇన్నేసి నీళ్ళు తాగుతారా?"

"కారం ఎక్కువ తింటాం సాబ్."

ఇంట్లో సూరమ్మకి మాత్రం రాసింది రాసినట్టు చదివి వినిపించేవాడు. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ వినేది.

"ఏటి, నువ్వు రాసిన ఆడోలందరికీ మోకాళ్ళ నొప్పులే. అందరూ నానేనేటి?"

"నాకు తెలిసిన ఆడమనిసివి నువ్వొక్కర్తివే కదేటే."

"అలాగైతే ఆ కొండకి నన్ను ఓపాలి నిజంగా తీసుకెల్లు. పుస్తకంలో ఏడు సార్లు ఎక్కించేసినావు."

చలి తగ్గేసరికి భోపాల్ నుంచి కాగితం వచ్చింది. యాత్రికుల కోరిక మేరకు సోన్‌పాట్‌కి బోరింగు మంజూరు. అచ్చయ్య ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చి సుకవారోకి స్వయంగా చెప్పాడు. చెప్పేటప్పుడు ఒక్క బోరింగే అన్నాడు. నిజమే చాలినంత ఉంది, పెంచాల్సిన పని కనిపించలేదు. ఆమె నమ్మనట్టే చూసింది. అర్జీల మీద నమ్మకం ఆమెకి ఎప్పుడో అరిగిపోయింది.

నెల తిరిగాక మళ్ళీ వచ్చింది.

"వేశారు బాబూ. మంచి నీళ్ళు. తియ్యగా ఉన్నాయి."

"మరింకేం?"

"కొండ మీద వేశారు, బంగళా గుమ్మం ముందు. గొలుసు చుట్టి తాళం పెట్టారు. బస్సొచ్చిన రెండు రోజులూ తీస్తారు. వేరే రోజుల్లో అడిగితే ఇది యాత్రికులదంటాడు చౌకీదారు." బుట్ట మీది గుడ్డ విప్పుతూ అంది. "పైనున్నవాళ్ళకి దాహమని పుస్తకంలో పడిందంట, డ్రైవరు చెప్పాడు. పైనున్నవాళ్ళకే ఇచ్చారు."

వాన పడింది, ఎండ కాసింది అని చెప్పినట్టే చెప్పింది. తిట్టి ఉంటే అచ్చయ్య ఏదో ఒకటి అల్లి తప్పించుకునేవాడు. తిట్టని మనిషికి ఏం చెప్పాలో అతనికి అరవై ఏళ్ళలో ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ సూరమ్మ అడిగింది: "ఏటి, ఈయేల కొండ మీద ఏటీ జరగలేదా?"

"జరిగింది" అన్నాడు.

ఆ శుక్రవారం భోపాల్ నుంచి మల్లేశ్వరరావు వచ్చాడు. నలభై ఏళ్ళ ఆఫీసరు, తెలుగువాడు. తెలుగు అభిప్రాయాలు ఇన్ని వస్తున్నాయి, చదవగలిగినవాడివి, వెళ్ళి చూసి రమ్మన్నారట. మేనేజరు టీ తెప్పించడానికి వెళ్ళాడు. మల్లేశ్వరరావు పుస్తకం ముందు వేసుకుని పేజీ తర్వాత పేజీ తిప్పి, మొదటికొచ్చి మళ్ళీ తిప్పాడు.

"అచ్చయ్య గారూ, మాది బొబ్బిలి. మా ఊరివాళ్ళు ఇంతదూరం వచ్చారంటే నాకు సంతోషమే. అయితే మొదటి వారం పార్వతీపురం, తర్వాత సీతానగరం, బొబ్బిలి, దొంకినవలస. ఆపైన కోమటిపల్లి, గజపతినగరం, ఏడో వారానికి విజయనగరం. మీ యాత్రికులు పాసింజరు బండిలా స్టేషను స్టేషనుకీ ఆగి వస్తున్నారండీ."

అచ్చయ్యది ముప్పై మూడేళ్ళు పార్సిళ్ళకి ఊళ్ళ పేర్లు ఆ వరసలోనే రాసిన చెయ్యి, వేరే వరస దానికి తెలియదు. నోరు కూడా అలవాటు మానలేదు.

"ఎక్స్‌ప్రెస్ అయితే దొంకినవలసలో ఆగదు కదండీ."

మల్లేశ్వరరావు నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. "నేనెవరికీ చెప్పను. లెక్కలు బాగున్నాయి, పైవాళ్ళు సంతోషంగా ఉన్నారు. ఏడాది తిరిగేలోపు మీ కుర్చీ పక్కా అవుతుంది. ఇక రాయకండి, అంతే."

తప్పించుకునే దారి అంత వెడల్పుగా తెరుచుకుంటుందని అచ్చయ్య అనుకోలేదు. వరండాలో సుకవారో మిగిలిన సారపప్పు చేటలోకి తీసి పొట్టు ఊదుతోంది. ఆ చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది.

"ఒక్క మాట బాబూ" అన్నాడు. "ఆ బోరింగు పైన దండగ. కింద పల్లె ఉంది, వాళ్ళు చెలమ నీళ్ళు తాగుతున్నారు. మూడు అర్జీలు పెట్టారు."

"ఏ అర్జీలు? నాలుగు వందల ఇళ్ళు, పులి వంతు, అవేనా?"

"అవే."

"నా టేబులు మీదికే వచ్చాయవి. తహసీలుకి రాసి అడిగాను కూడా. ఆ కొండ కింద నాలుగు వందల ఇళ్ళ ఊరేదీ లేదని జవాబొచ్చింది. ఎవరో సరదాకి రాశారని ఫైలు మూసేశాం." అచ్చయ్య మొహం చూశాడు. "అవి కూడా మీరేనా?"

అచ్చయ్య ఎన్నో చెప్పాడు జీవితంలో. బండి ఆపి టికెట్టు అడిగిన ఎలుగుబంటి, రెండు వ్యాగన్లు పట్టిన పనసకాయ. విన్నవాళ్ళు నవ్వారు, పొట్ట పట్టుకున్నారు, మళ్ళీ చెప్పమన్నారు. దేన్నీ ఎవరూ విచారణకి పంపలేదు. పంపింది ఈ ఒక్కదాన్నే. దాన్ని నమ్ముకుని ఒకామె ఏడాదిపాటు మూడు కాగితాలు నూనెగుడ్డలో చుట్టి దాచుకుంది.

"ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తే?" అని అడిగాడు.

"గొలుసు తీయించడం నా చేతిలో పని, ఇవాళే తీయిస్తాను. కిందికి ఇంకో బోరింగు కావాలంటే మూసిన ఫైలు తెరవాలి. నాలుగు వందలు ఎవరు రాశారు, ఎందుకు రాశారని అడుగుతారు. అది చెప్తే ఈ పుస్తకం సంగతీ బయటికొస్తుంది. మీ కుర్చీ ఉండదు. బోరింగు వస్తుందని కూడా నేను మాటివ్వలేను."

అచ్చయ్య సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. పేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు. మూడు అర్జీల్లోని నాలుగు వందల ఇళ్ళూ పులీ నా కల్పన, అని రాశాడు. పుస్తకంలో పార్వతీపురం నుంచి విజయనగరం దాకా ఉన్న పేర్లన్నీ నేను పెట్టినవే, దాహం మాత్రం పల్లెవాళ్ళది, అని రాశాడు. ఆపైన కలం పట్టుకునే లేచి గుమ్మం దగ్గరికెళ్ళి సుకవారోని లోపలికి పిలిచాడు.

ఆమె అంతకుముందెన్నడూ ఆ గుమ్మం దాటలేదు. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చుంది.

"మీ ఇళ్ళు ఒక్కొక్కటీ చెప్పు. పేరు పేరునా."

ఆమె చేటలోంచి గింజలు తీసింది. ఒక్కో ఇంటికీ ఒక్కో గింజ నేల మీద పెడుతూ యజమాని పేరు చెప్పసాగింది. అచ్చయ్య రాసుకుంటూ పోయాడు. విధవరాలి ఇల్లు ఒకటి వచ్చింది. అన్నదమ్ములు మధ్యలో గోడ పెట్టుకున్న ఇల్లు వచ్చింది. అది ఒకటా రెండా అని ఆమె ఆలోచించి, పొయ్యిలు రెండు గనక రెండంది. మేనేజరు టీతో వచ్చి అర్థంకాక నిలబడిపోయాడు.

చివరి గింజ ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఇది మంగలూ ఇల్లు. హోలీ ముందు పెళ్ళాంపిల్లల్ని తీసుకుని ఇటుకబట్టీ పనికి పోయాడు. తలుపుకి తాళముంది. వస్తాడో రాడో తెలీదు."

"ఇల్లుంది కదా. రాసేస్తాను, ముప్పై తొమ్మిది."

"ఎవరైనా వచ్చి తలుపు కొట్టి చూస్తే?"

ఆమె గింజని కాసేపు చూసి నోట్లో వేసుకుంది.

"ముప్పై ఎనిమిది రాయి."

ఆ ఒక్కటీ వదలడానికి అతని చెయ్యి మొరాయించింది. అయినా ముప్పై ఎనిమిది అని అంకెల్లో వేశాడు. తర్వాత తనే దిద్దడానికి వీల్లేకుండా, పక్కన అక్షరాల్లో కూడా రాసి సంతకం పెట్టాడు.