తాడు దాటని బుల్లియ్య

సున్నం డబ్బా పురికొసకు అవతల ఉంది. కాలెత్తి దాటితే ఒక్క అంగ. బుల్లియ్య మాత్రం పురికొస కట్టిన చివరి మేకుదాకా నడిచి, చుట్టూ తిరిగి వచ్చి డబ్బా అందుకున్నాడు. దాని అడుగున బెజ్జాలు తనే పొడుచుకున్నాడు. పురికొస వెంబడి నడుం వంచి, డబ్బాను అరచేత్తో తడుతూ నడుస్తుంటే కబడ్డీ కోర్టు మీద తెల్లగా గీత పడుతూ వచ్చింది.

మునిసిపాలిటీ మైదానంలో అతని పని ఇదే. చీకటితో వచ్చి కోర్టు తడపడం, కాలువ ఒండ్రులో ఊక కలిపి గుంటలు పూడ్చడం, గీతలు గీయడం, రాత్రికి గేటు తాళం వేసుకోవడం. అరవై దాటినా ఇంకొకరు దొరక్క ఉండనిచ్చారు. మనిషి సన్నం. ఖాకీ చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతూ ఉంటుంది. చీలమండల దాకా సున్నం పట్టేసి ఎంత రుద్దినా వదలదు. ఆడుకోవడానికి వచ్చే ఆడపిల్లలు, "బాబాయ్, మేజోళ్ళు బాగున్నాయి" అని వేళాకోళం చేస్తారు. అతనికీ నవ్వొస్తుంది.

తాడు దాటకపోవడం తండ్రి నుంచి వచ్చింది. ఆయన కాలువ గట్టు మీద పడవలు లాగేవాడు. పడవ కొయ్యకు కట్టిన తాడు కొస పట్టుకుని, రొమ్ముకు అడ్డంగా ఒక వంపు కర్ర పెట్టుకుని, ముందుకు వాలి ఊళ్ళకు ఊళ్ళు నడిచేవాడు. "నేల మీద తాడు దాటితే, తాడు పట్టిన మనిషిని దాటినట్టేరా" అనేవాడు. పడవలు పోయాయి, ఆయనా పోయాడు. ఇంట్లో ఆ కర్ర మిగిలింది. బుల్లియ్య దానికి పురికొస చుట్టుకున్నాడు. మామూలు సుతిలి అయితే మాత్రం ఏం, తాడు తాడే కదా అంటాడు.

అతనికి ఇంకో గుణం ఉంది. ఏది కనబడినా ఏంటని అడగాలి. ట్రాన్స్‌ఫార్మరు బాగుచేసేవాణ్ణి నిలబెట్టి లోపల నూనె ఎందుకండీ అంటాడు. తణుకు పంచదార ఫ్యాక్టరీకి చెరుకు తోలే డ్రైవరును ఆపి, పిప్పిని చివరికి ఏం చేస్తారండీ అంటాడు. ఊళ్ళో సగం మందికి అతను 'ఏంటండి బుల్లియ్య'. అడగందే అమ్మయినా పెట్టదు కదండీ అని సమర్థించుకుంటాడు కూడా.

అలాంటి మనిషికి ఈమధ్య నిజంగా నిద్ర పట్టడం లేదు. కారణం గేటు పక్కన నీలం టార్పాలిన్ కప్పుకుని దుంగల మీద కూర్చుని ఉంది. కాలువ లాకుల వెనక ఎన్నో ఏళ్ళుగా ఒరిగి పడి ఉన్న పాత ప్రయాణీకుల పడవ అది. మన వారసత్వం, నలుగురూ చూడాలి అని మునిసిపాలిటీ వాళ్ళు ట్రెయిలరు మీద తెచ్చి ఇక్కడ దించారు. రంగులు వేసేదాకా ఎవరూ ముట్టుకోకూడదని హుకుం. కాపలా ఎవరు? బుల్లియ్యే. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే.

చిన్నప్పుడు తండ్రికి సద్దన్నం పట్టుకుని గట్టు వెంట పరిగెత్తేవాడు. పడవలోంచి నవ్వులు వినబడేవి, కూర తాలింపు వాసన వచ్చేది. "లోపల ఏముంటాది అయ్యా?" అని అడిగాడు ఒకసారి.

"నాకేం తెలుసురా? నా వీపెప్పుడూ పడవ వైపే కదా" అన్నాడు తండ్రి.

ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు టార్పాలిన్ కింద ఉంది.

వెలుతురు రాగానే అమ్మాయిలు వచ్చారు. ముందు దుర్గాశ్రీ. పగలు బట్టల షాపులో పని చేస్తుంది, పొద్దునా సాయంత్రం ఈ పిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. చెప్పులు గీత బయట విడిచి, మట్టి ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"బాబాయ్, ఈవేళ కౌన్సిల్ మీటింగంట కదా. పడవని మన కోర్టు మీదే పెడతారంటున్నారు. నిజమేనా?"

"ఎవరన్నారమ్మా?"

"షాపులో అందరూ అదే మాట. రోడ్డు మీంచి కనబడాలంట. జిల్లా పోటీలు దగ్గర పడ్డాయి. మగపిల్లలకైతే కాలేజీ గ్రౌండు ఉంది, ఈ పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళను? ఇది పోతే ఇళ్ళల్లో ఇంక పంపరు బాబాయ్, మానిపించేస్తారు."

బుల్లియ్యకు పడవా కావాలి, కోర్టూ కావాలి. రెండింటిలో ఒకటే అంటే ఎటు మొగ్గాలో తెలియని ఇరకాటం. ఆట మొదలైంది. దుర్గాశ్రీ కూత అందుకుని అవతలి గీత మీదికి పోతే, కోర్టు పక్కన నిలబడ్డ బుల్లియ్య కూడా ఊపిరి బిగబట్టాడు. ఎవరు కూతకు వెళ్ళినా అతనికి అదే అలవాటు. వాళ్ళు తిరిగొచ్చి గీత తాకాకే తనూ ఊపిరి వదులుతాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తే భార్య చిన్నమ్మాయి చేపల పులుసు వడ్డించింది. అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంటి మావా, ముద్ద దిగట్లేదా?"

"ఎడం భుజం లాగేస్తోందే. మేకులు కొట్టి కొట్టి."

"మేకులు కుడిచేత్తో కదా కొడతావు?"

దొరికిపోయాడు. "రేపు ఆసుపత్రికి పోదాంలే" అని చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "పడవలో వంట ఎక్కడ చేసేవారంటావు? చెక్క అంటుకోదూ?" అని అడిగాడు. "నీ ఆరాలు తగలెయ్య" అంది ఆవిడ నవ్వుతూ.

ఎండ వాలుతుండగా మునిసిపాలిటీ ఇంజనీరు, ఏఈ గంగాధర్ బైకు మీద వచ్చాడు. కుర్రాడు, మంచివాడే. మీటింగులో మాటలు పడి వచ్చినట్టు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అయిపోయింది బుల్లియ్యా. పడవ గ్రౌండులోనే, రోడ్డుకి కనబడేలాగ. నీ కోర్టు మీద దిమ్మె కట్టేస్తాం."

"కోర్టు మీదేనాండీ? ఆ ప్రహరీ పక్కంతా ఖాళీయే కదండి. అక్కడ పెట్టినా రోడ్డుకి కనబడుద్ది."

"కనబడుద్ది. నాకు తెలీదనుకున్నావా? అది పల్లం. వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. ముందు మట్టి తోలి మెరక చెయ్యాలి. దానికి మళ్ళీ ఎస్టిమేటు, మళ్ళీ మీటింగు. ఇదైతే నువ్వే చదును చేసి పెట్టావు."

బుల్లియ్యకు గుండెలో కలుక్కుమంది. ఇన్నేళ్ళు చదును చేసిందే ఇప్పుడు తప్పయి కూర్చుంది. "మరి పిల్లలకండీ?"

"కొత్త కోర్టు ప్రపోజల్ పెడతాం."

"ఎప్పటికండీ?"

"అది నన్నడిగితే ఎలా చెప్పను? ఇదిగో, రేపు పొద్దున్నే కూలీలు వస్తారు. పడవ కొలతకి మేకులు కొట్టి, సుతిలి కట్టి, గీత గీసి ఉంచు. నువ్వు గీస్తే వంకరుండదు." బైకు తిప్పబోతుంటే బుల్లియ్య చేతులు కట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క మాటండి. లోపలికోసారి చూడొచ్చా అండి?"

గంగాధర్ తెల్లబోయాడు. "ఇన్నాళ్ళూ చూడలేదా? కాపలా నువ్వే కదయ్యా!"

"ముట్టుకోవద్దన్నారు కదండి."

"ఓరి నీ... చూసుకో, పో."

బైకు చప్పుడు దూరమయ్యాక బుల్లియ్య టార్పాలిన్ కొస ఎత్తి, నిచ్చెన వేసుకుని పడవెక్కాడు. అతని వంశంలో పడవెక్కిన మొదటి మనిషి అతనే కావచ్చు. లోపల ఏముంది? రెండు వైపులా అరిగిన చెక్క బల్లలు. ఒక మూల రేకు పరిచి, దాని మీద మట్టి మెత్తిన పొయ్యి గుర్తు. "అదీ సంగతి" అన్నాడు పైకే. చెక్క ఎందుకు అంటుకోలేదో తెలిసింది, ఇంటికెళ్ళగానే చిన్నమ్మాయికి చెప్పాలి. ముందు భాగంలో తాడు కట్టే కొయ్య ఉంది. తాడు ఒరుసుకుని ఒరుసుకుని దానికి బొటనవేలంత లోతు గాడి పడింది. అందులో వేలు పెట్టి నిమిరాడు. నున్నగా ఉంది. ఎందరి నడకో అది, అందులో అయ్యది ఎంతుందో.

అలిసిపోయి బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా కిటికీ. ఇక్కడ కూర్చున్నవాళ్ళకి దారి పొడుగునా ఏం కనబడి ఉంటుంది? కొబ్బరి చెట్లు, వరిచేలు, గట్టు మీద ముందుకు వాలి నడుస్తున్న మనిషి వీపు. అయ్య పడవను చూడలేదు గానీ పడవలో వాళ్ళు అయ్యను రోజంతా చూశారు. ఇప్పుడు అదే కిటికీలోంచి చూస్తే కబడ్డీ కోర్టు కనబడుతోంది, పొద్దున్న గీసిన గీతలు ఇంకా చెరగలేదు.

అప్పుడొచ్చింది అతనికి కోపం. ఎన్నడూ లేనంత కోపం. పడవని నిలబెట్టి, చెమటోడ్చేవాళ్ళని మళ్ళీ పక్కకు నెట్టేస్తారా? అప్పుడు లాగినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు, ఇప్పుడు ఆడే పిల్లలకు నేలే లేదు! ఇదేం వారసత్వం? ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు, ఈ ఒక్కసారికి ఊరుకోకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది.

పడవ దిగాడు. మేకులు, సుత్తి, పురికొస తీసుకుని నేరుగా ప్రహరీ పక్కకు వెళ్ళాడు. నేల మెత్తగా ఉండి మేకు నిలవలేదు. కోర్టు కోసమని పోగేసి ఉంచుకున్న ఒండ్రు గంపతో మోసుకొచ్చి మూలల్లో పోసి, తొక్కి, దాని మీద కొట్టాడు. గంప గంపకీ ఆగి ఆయాసపడ్డాడు. పడవ పొడుగూ వెడల్పూ కొలిచి, ముక్కు రోడ్డు వైపుకి, కిటికీలు కోర్టు వైపుకి వచ్చేలా పురికొస బిగించాడు. గీత గీశాడు. తాడు దాటకుండా ఆ పల్లంలో ఎన్నిసార్లు చుట్టూ తిరిగాడో, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చివరి మేకుకు రెండు చుట్లు చుట్టి, మిగిలిన పురికొసతో కర్రను అక్కడే నేలమీద వదిలాడు.

అమ్మాయిలు వచ్చేసరికి నిచ్చెన కింది మెట్టు మీద, పడవకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. దుర్గాశ్రీ కోర్టు వైపు చూసింది, ప్రహరీ వైపు చూసింది.

"అక్కడ పెడుతున్నారా? ఏఈ గారు ఒప్పుకున్నారా బాబాయ్?"

"లేదమ్మా. ఇక్కడ గీయమన్నారు. నేనక్కడ గీశాను. రేపొచ్చి తిడతారు."

"అమ్మో! నీ పని పోతుంది."

"పోతే పోనీ. అరవై దాటినోణ్ణి తీసేస్తే ఎంత, ఉంచితే ఎంత? తిట్టేటప్పుడు చెప్తాను, ఆ కిటికీలోంచోసారి చూడండి బాబూ అని. మీరాడండమ్మా, చీకటి పడిపోద్ది."

ఆమె అతని మొహం చూసి, "నీళ్ళు తాగుతావా? ఒంట్లో బాగుందా?" అంది.

"చూడనీ ముందు" అన్నాడు.

ఆట మంచి పట్టు మీద పడింది. అటు జట్టులో అందరూ ఉన్నారు, ఇటు దుర్గాశ్రీ ఒక్కతే మిగిలింది. మట్టి ముట్టుకుని కూత అందుకుంది. బుల్లియ్య ఊపిరి బిగబట్టాడు. కబడ్డీ కబడ్డీ అంటూ ఆమె మూల పిల్లని తాకింది, వాళ్ళు నడుం పట్టారు, కాళ్ళు పట్టారు, మొత్తం గుంపు ఆమె మీద పడింది. కూత సన్నగిల్లింది గానీ తెగలేదు. అందరినీ ఈడ్చుకుంటూ ముందుకు వాలి, చెయ్యి చాపి, వేలి కొసతో గీత తాకింది.

పిల్లలు కేకలు పెట్టారు. దుర్గాశ్రీ నేల మీద పడి రొప్పుతూ, నవ్వుతూ, "బాబాయ్, చూశావా?" అని అరిచింది. పడవకు ఆనుకున్న బుల్లియ్య కళ్ళు గీత మీదే ఉన్నాయి. ఆమె తిరిగొచ్చేసింది. అతను మాత్రం బిగబట్టిన ఊపిరి వదల్లేదు.

తెల్లారి గంగాధర్ ముందు బుల్లియ్య ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూలబడ్డ చిన్నమ్మాయిని పరామర్శించి, ఆలస్యంగా మైదానానికి వచ్చాడు. కూలీలు అప్పటికే పనిలో ఉన్నారు. సుతిలి కట్టి ఉన్న చోట, గీత పక్కనే, ప్రహరీ పొడుగునా సగం పునాది తవ్వేశారు.

"ఎవర్రా ఇక్కడ తవ్వమంది?" అని కేకేశాడు.

మేస్త్రీ గడ్డపార ఆపాడు. "గీత ఇక్కడే ఉందండి. బుల్లియ్య గీసిందే కదండి, వంకర లేదు."

గంగాధర్‌కు ఒళ్ళు మండింది. తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టాల్సిన మనిషి అక్కడ లేడు. మూలల్లో పోసిన ఒండ్రు మీద సున్నం పాదాల ముద్రలు చుట్టూ చుట్టూ తిరిగి ఉన్నాయి. అవతల కోర్టు గీత బయట దుర్గాశ్రీ, పిల్లలు చెప్పులు విడిచి నిలబడి, ఏమంటాడోనని అతని వైపే చూస్తున్నారు. ఆడటానికి రాలేదు, ఊరికే వచ్చారు.

మేస్త్రీ వైపు తిరిగి, "కానివ్వండి" అన్నాడు. "మట్టి నేను తోలిస్తాను. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాలే."

అవతలి వైపు లోతు చూడాలి. పురికొస దాటబోయి కాలెత్తాడు. ఏమనుకున్నాడో, ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, మేకుల చివరిదాకా నడిచి, చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఆ చివరి మేకు దగ్గర, రొమ్ము ఒరిపిడికి నున్నబడ్డ వంపు కర్ర సున్నం అంటుకుని పడి ఉంది, ఇంకా కొంత పురికొస దానికి చుట్టే ఉంది.