పేరు చెప్పని బెరడు

ఆ చెట్టు పేరు మాత్రం చెప్పను. చెబితే రేపు పొద్దుటికల్లా నలుగురు దాని బెరడు ఒలుచుకుపోయి కాచుకు తాగుతారు. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు. చదువుకున్నవాళ్ళయితే మరీ అన్యాయం. ల్యాబులో పనిచేసే ఈ అమ్మాయినే చూడండి.

క్యాన్సర్ కణాలను పెంచి, పాత వైద్యంలో వాడే ఆకులు, వేర్లు, బెరడుల సారం వాటిమీద పోసి చూడటం ఆమె ఉద్యోగం. చిన్న ప్లేట్లలో గులాబీరంగు ద్రవం పోసి, వెచ్చటి పెట్టెలో ఆ కణాలను పసిపిల్లల్లా సాకాలి, సాకి చంపాలి. ఈ బెరడు సారం పోసిన మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే పేగు క్యాన్సర్ కణాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. పైగా రోగంతో పోరాడే తెల్లకణాలను అది హుషారు చేస్తోందని కూడా తేలింది. ల్యాబంతా ఒకటే సంబరం.

"ప్లేటులో చచ్చింది కదా అని మనిషిలో చస్తుందనుకోకండి" అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది ఆమే. కానీ ఆ నెలలోనే ఆమె బాబాయికి పేగు క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో సెలైనుతో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పాఠం ల్యాబులోనే ఉండిపోయింది. ఇంట్లో బెరడు కాచి, వడగట్టి, సీసాలో పోసి ఆయన చేతికిచ్చింది.

"డాక్టరుగారితో ఓ మాట చెప్పాలేమోనమ్మా?" అన్నాడు బాబాయి.

"చెట్టు బెరడే కదా బాబాయ్, ఏం చేస్తుంది?"

ఏమీ చెయ్యనిది ఇవ్వడం దేనికని ఆయన అడగలేదు. తండ్రి లేని పిల్లని గుండెలమీద పెంచిన మనిషి. ఆ పిల్ల ఏదిచ్చినా ముక్కు మూసుకుని తాగేస్తాడు.

కొన్నాళ్ళకు ల్యాబు మేడమ్ కొత్త పని చెప్పింది. "ఆసుపత్రి మందుతో కలిపి పోసి చూడు. రెండూ కలిస్తే ఇంకా గట్టిగా పనిచేస్తాయేమో."

మందు ఒక్కటే పోసినచోట కణాలు చచ్చాయి. బెరడు ఒక్కటే పోసినచోటా చచ్చాయి. రెండూ కలిపి పోసినచోట మాత్రం నిక్షేపంగా బతికున్నాయి. బెరడు ఆ మందు కోరలు పీకేసింది. చెయ్యి తప్పిందేమోనని మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"భలే! ఇది పెద్ద రీసెర్చ్ పేపరే అవుతుంది" అంది మేడమ్, భుజం తట్టి. "అదేంటి, మొహం అలా పాలిపోయింది?"

"కళ్ళు తిరిగాయి మేడమ్."

ఆ సాయంత్రమే పిన్ని ఫోను చేసింది. "గడ్డ ఏమాత్రం తగ్గలేదటే. ఈ మందు లొంగదు, దీనికన్నా ఘాటైంది మొదలుపెడదాం అంటున్నారు. ఆయన ఒళ్ళు తట్టుకుంటుందంటావా?"

మళ్ళీ చేస్తానని ఆమె ఫోను పెట్టేసింది. మందు చేసే పని తనే చెడగొట్టిందేమో. ఆ సంగతి డాక్టరుకు తెలియదు, పిన్నికి తెలియదు, తాగిన మనిషికీ తెలియదు. బెరడు దొరకడం లేదని చెప్పి మానిపించేస్తే తన గుట్టు బయటపడదు. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఊరుకుంటే కొత్త మందు బాధంతా ఆయన పడాలి, బహుశా ఊరికే.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళింది. మందు ఎక్కించే హాలు బయట బల్లమీద బాబాయి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ప్లేటులో చూసిందీ, గడ్డ తగ్గకపోవడం తనవల్లేనేమోనన్నదీ అంతా చెప్పేసింది.

"కావాలని చేశావా ఏంటి? ఊరుకో" అన్నాడు బాబాయి. "డాక్టరుతో నేనే చెప్తాలే. నాలుగు చీవాట్లు పెడతాడు, అంతేగా. బస్సు నడిపినన్నాళ్ళూ అంతకంటే ఎక్కువే తిన్నాను."

ఆ మన్నింపు అంత తేలిగ్గా దొరికేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడల్లా మెల్లగా వదిలేశాడు.

"అమ్మాయ్... లోపల ఇంకో నలుగురికి కూడా పోశానే."

"ఏంటి బాబాయ్?"

"నా సంగతి తెలుసుగా, పక్కన మనిషుంటే నోరు ఊరుకోదు. మా అమ్మాయి పెద్ద సైంటిస్టు, తన చేత్తో కాచి ఇచ్చింది అన్నాను. మాక్కూడా కాస్త అన్నారు. ఎలా కాదంటాను? నీ పేరు చెప్పబట్టే తాగారమ్మా. నా మొహం చూసి కాదు."

ఆయన లేవబోయాడు. ఆమె ఆపింది. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం, వీళ్ళకు మాత్రం నేనే చెప్పాలి అంది.

హాల్లో వరసగా కుర్చీలు, పక్కన సెలైను స్టాండ్లు. అక్కడున్నవాళ్ళలో ఆమెకు బాబాయి అయినవాళ్ళు ఎవరూ లేరు. కావాలని చేశావా అని వాళ్ళెందుకు అనాలి?

ఆమెను చూడగానే తలకు గుడ్డ చుట్టుకున్న ఒకావిడ మొహం వెలిగిపోయింది. "నువ్వేగా తల్లీ ఆ పిల్లవి! మీ బాబాయి చెప్పిన పోలికే. ఏమండీ, లేవండి, ఈ అమ్మాయిని కూర్చోనివ్వండి."

పక్కనున్న పెద్దాయన గబగబా లేచి నిలబడ్డాడు.

"ముందు కూర్చో తల్లీ" అంది ఆవిడ.

ఆమె నిలబడే చెప్పింది.